గడ్డం నాచు

చేపలక్క కంటే ముందు ఆమె కోపం పుట్టిందని ఆమె చెల్లెలు నలుగురిలో నవ్వుతూ అనేది. అది పూర్తిగా అబద్ధం కాదు. ఒక బడిలో సైన్సు ల్యాబు చూసుకునే ఉద్యోగం పంతొమ్మిదేళ్లు చేసి, కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు ల్యాబు తొట్టిలో టీ కప్పు కడుక్కున్నాడని ఆయనతో గొడవపడి మానేసిన మనిషి ఆమె. ఆ తర్వాత చేపల తొట్టెలు చూసుకునే పని పెట్టుకుంది. బకెట్లు, రబ్బరు గొట్టాలు, చిన్న వల, పొడవాటి కత్తెర వేసుకుని వారమంతా ఏడు చోట్లకు తిరిగేది. ఎక్కడికి వెళ్లినా చేపలక్క అనే పిలిచేవాళ్లు. ఆమె సొంత పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

ఏడింటిలోనూ ఆమె ప్రాణం పళ్ల ఆసుపత్రి తొట్టెలో ఉండేది. రోగులు కూర్చునే హాలులో, వీధి అద్దానికి ఎదురుగా ఆరడుగుల తొట్టె. మధ్యలో నీళ్లు తాగి నల్లబడ్డ పెద్ద మోడు. దాని కణుపుల్లో, రాళ్ల సందుల్లో ముదురాకుపచ్చ మొక్కలు. కొన్నిటిని అనుబియాస్ అంటారు, కొన్నిటిని జావా ఫెర్న్ అంటారు. రెండూ నత్తనడక జాతులే. కాండాన్ని ఇసుకలో పాతితే కుళ్లిపోతాయి. మోడుకు దారంతో కట్టి వదిలేస్తే మెల్లగా వేళ్లతో పట్టుకుంటాయి. అన్నీ కుదిరితే నెలకొక ఆకు వేస్తాయి. ఏడేళ్ల కిందట బొటనవేలంత ముక్కలు నాలుగు తెచ్చి కట్టింది చేపలక్క. ఇప్పుడు మోడు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ హాలులోనే ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల పేర్లు రాసుకునేది చెల్లెలు. అక్కకంటే ఆరేళ్లు చిన్నది. మొగుడితో పొసగక పదకొండేళ్ల కిందట పెట్టె పట్టుకుని అక్క ఇంటికి వచ్చేసింది. ఆసుపత్రి నడిపే డాక్టరమ్మతో మాట్లాడి ఆ ఉద్యోగం ఇప్పించింది అక్కే. అక్క పెళ్లి చేసుకోలేదు. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో ఒకే బల్ల మీద భోంచేసేవాళ్లు.

ఒక శనివారం చేపలక్క తొట్టె శుభ్రం చేయడానికి వెళ్లినప్పుడు ఒక అనుబియాస్ ఆకు అంచున నూనూగు మీసంలాంటి నల్లటి పోగులు కనిపించాయి. గోటితో గీకింది. రాలేదు. ఆ పనిలో ఉన్నవాళ్లు దాన్ని గడ్డం నాచు అంటారు. గాజు మీద పట్టే పచ్చ నాచులా గుడ్డతో తుడిస్తే పోయేది కాదు. మూడు వారాలు తిరిగేసరికి నాలుగు ఆకులు నిజంగానే గడ్డాలు పెంచాయి.

తొందరగా పెరిగే మొక్కకు నాచు పట్టినా అంత భయం లేదు. పాత ఆకు రాలేలోగా పది కొత్తవి వస్తాయి. వీటి సంగతి అలా కాదు. ఒక్కో ఆకు రెండేళ్లు అక్కడే ఉంటుంది. కదలని ఆకు దొరికితే నాచు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

చేపలక్క పోరాటం మొదలుపెట్టింది. చేపల మేత సగానికి తగ్గించింది. వారానికి పావు వంతు మార్చే నీళ్లు సగం మార్చింది. ఫిల్టరు విప్పి స్పాంజి పిండింది. నీళ్లు తోసే గొట్టం మూతిని మోడు మీద పడకుండా పక్కకు తిప్పింది. డాక్టరమ్మ దగ్గర మెత్తటి టూత్‌బ్రష్షులు అడిగి తీసుకుని, చెయ్యి భుజం దాకా నీళ్లలో ముంచి, ఒక్కో ఆకునూ అరచేతిలో పెట్టుకుని తోమింది. ఆ నెలలో ఆసుపత్రిలో పళ్ల కంటే ఆకులకే ఎక్కువ బ్రష్షులు అరిగాయని నర్సులు నవ్వారు. డాక్టరమ్మ మాత్రం ఒక నిమిషం ఆగి చూసి, పంటి గారకూ దీనికీ పెద్ద తేడా లేదనీ, మూలం పట్టుకోకుండా గీకితే మళ్లీ వస్తుందనీ చెప్పి వెళ్లిపోయింది. ఆ మాట నిజమని చేపలక్కకూ తెలుసు. ఆ మూలమే దొరకడం లేదు.

తోమినా పోని ఆకుల్ని కోసేయాల్సి వచ్చింది. కత్తెర పెట్టిన ప్రతిసారీ ఒక నెలను కోసేసినట్టు ఉండేది ఆమెకు. ఇంటికి వచ్చి భోజనాల దగ్గర వేళ్లు మడుస్తూ చెల్లెలికి చెప్పేది. మేత కాదు, తగ్గించాను. నీళ్లు కాదు, మార్చాను. చేపలు ఎక్కువయ్యాయా అంటే కాలేదు. వెలుతురు అసలే కాదు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆరు గంటలే, ఆ టైమరు నా చేత్తో నేను పెట్టాను. ఆ వేలు మడిచినప్పుడల్లా చెల్లెలు మంచినీళ్ల కోసమో ఉప్పు కోసమో లేచి వెళ్లేది. అక్క దాన్ని పట్టించుకోలేదు. మాట వినడం విసుగనిపించి లేస్తోందనుకుని, ఆ కోపం కూడా లోపల వేసుకుంది.

అన్ని వేళ్లూ మడిచాక ఒక మనిషి మిగిలాడు. ఆయన వాచ్‌మన్. అరవై దాటిన పెద్దమనిషి. అద్దాల తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, వచ్చేవాళ్లకు తలుపు తీసేవాడు. చేపలక్క ఆయన్ని బాబాయ్ అనేది. పొద్దున్నే చేపలకు చిటికెడు మేత వేసే పని ఆమే ఆయనకు అప్పగించింది. ఆయన ఆ పని ఎంత శ్రద్ధగా చేసేవాడంటే, మేత వేసే ముందు చెయ్యి కడుక్కుని తుడుచుకునేవాడు. కానీ నాచు పట్టిన రెండో నెలలో, ఒకరోజు మేత డబ్బా అనుకున్నదానికంటే ముందే ఖాళీ అయినట్టు అనిపించింది చేపలక్కకు. అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి, మీ వాచ్‌మన్ మేత గుప్పిళ్లతో పోస్తున్నాడు, అందుకే తొట్టె పాడవుతోంది అని చెప్పింది.

మేనేజరు చిన్నవాడు. దేనికైనా వెంటనే ఏదో ఒకటి చేసేస్తే పని అయిపోయినట్టే అనుకునే రకం. ఆ సాయంత్రమే వాచ్‌మన్‌ను వెనక గేటుకు మార్చేశాడు. అక్కడ జనరేటరు షెడ్డు, చెత్త డబ్బాలు, మిట్టమధ్యాహ్నం గోడకు ఆనుకుంటే వీపు కాలే ఎండ. కూర్చోవడానికి ఏమీ లేదు. బాబాయ్ లేచాడు. స్టూలు అక్కడే వదిలి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. ముందు బల్ల దగ్గర చెల్లెలు పేర్లు రాసుకుంటూ తల వంచుకునే ఉంది.

బాబాయ్ మేత వేయడం ఆగినా నాచు ఆగలేదు. మూడో నెలకు జావా ఫెర్న్ ఆకులు కొసల దాకా నల్లబడ్డాయి. ఒక శనివారం హాలు నిండా జనం ఉండగా మేనేజరు వచ్చి తొట్టె ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"చూడండమ్మా, దీనివల్ల ఆసుపత్రికే చెడ్డపేరు. పళ్లు శుభ్రం చేసేచోట ఈ మురికి ఏంటని అడుగుతున్నారు. నెలాఖరుకి ఇవన్నీ పీకేసి ప్లాస్టిక్ మొక్కలు పెట్టిద్దాం. కడిగితే సరిపోతుంది, పెరగవు, చావవు."

చేపలక్క మోచేతి నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏదో అనబోయింది. అనడానికి ఆమె దగ్గర కారణం లేదు. ఏడేళ్లు పెంచిన మొక్కను ఏది చంపుతోందో చెప్పలేని మనిషికి నోరెక్కడిది? పళ్లు బిగబట్టి బకెట్లు ఎత్తుకుని వచ్చేసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. చెల్లెలు ఒక ముద్దైనా తినమంటే, నీకేం తెలుసు నా బాధ అని విసురుకుంది.

ఆఖరి ప్రయత్నంగా ఆమె మంచినీటి రొయ్యలు తెప్పించింది. గడ్డం నాచును మందుతో మెత్తబరిస్తే దాన్ని ఏరుకుని తినే చిన్న రొయ్యలవి. శనివారానికి వస్తాయనుకుంటే బుధవారం పొద్దున్నే వచ్చేశాయి. సంచుల్లో గాలి ఎక్కువసేపు నిలవదు. బ్యాంకు తొట్టె పని మధ్యాహ్నానికి వాయిదా వేసుకుని, తొమ్మిదిన్నరకల్లా పళ్ల ఆసుపత్రికి వెళ్లింది.

అద్దాల తలుపు బయటే ఆగిపోయింది. చీకటిగా ఉండాల్సిన తొట్టె పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది.

ముందు టైమరు పాడైందనుకుంది. ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది, మూలం దొరికిందని. సంచులు కింద పెట్టి, తొట్టె కింద అలమర తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని చూసింది. గుండ్రటి టైమరు. చుట్టూ చిన్న పుల్లల్లాంటి మీటలు, పావుగంటకొకటి. వెలుతురు కావాల్సినంత సేపటి మీటల్ని కిందికి నొక్కాలి. ఆమె నొక్కి ఉంచినవి రెండు నుంచి ఎనిమిది దాకా. ఇప్పుడు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా అన్నీ వరసగా నొక్కి ఉన్నాయి. పదమూడు గంటలు. టైమరు చక్కగా పనిచేస్తోంది. యాభై రెండు మీటలు తమంతట తాము కిందికి దిగవు.

అలమరలోంచి తల బయటికి తీసి హాలంతా చూసింది. ముందు బల్ల వెనక చెల్లెలు లేచి నిలబడి ఉంది. చేతిలో కలం అలాగే ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ ఇంటిదొంగ ముఖమే అంతా చెప్పేసింది.

చేపలక్క మళ్లీ అలమరలోకి వంగింది. లైటు ఆర్పేసింది. హాలులో తల్లి ఒళ్లో దవడ వాచి కూర్చున్న చిన్న పాప, అప్పటిదాకా గాజు మీద వేలు పెట్టి చేపల్ని లెక్కపెడుతున్నది, చీకటి పడగానే గొల్లుమంది. తల్లి ఎంత ఊరడించినా ఆగలేదు. చెల్లెలు ఆ పాప వైపు చూసి, అక్క వైపు చూసి, కళ్లు దించుకుంది.

రొయ్యల్ని ఉన్నపళాన తొట్టెలోకి వదలకూడదు. వచ్చిన నీళ్లకూ తొట్టె నీళ్లకూ తేడా ఉంటే చచ్చిపోతాయి. వాటిని గిన్నెలో పోసి, సన్నటి గొట్టంతో తొట్టె నీళ్లను చుక్క చుక్కగా వదులుతూ గంటసేపు కూర్చోవాలి. ఆ గంట చేపలక్క జీవితంలో అన్నిటికంటే పొడవైన గంట. వెనక పది అడుగుల దూరంలో చెల్లెలు రోగుల పేర్లు అడుగుతోంది. ఇక్కడ గిన్నెలో చుక్కలు పడుతున్నాయి. ఒక్కో చుక్కకూ ఒక్కో శనివారం గుర్తొచ్చింది. ప్రతి శనివారం తను వచ్చేసరికి మీటలు రెండు నుంచి ఎనిమిది దాకానే ఉన్నాయి. అంటే తను వచ్చే ముందు ఎవరో వాటిని పైకి లేపి, తను వెళ్లాక మళ్లీ నొక్కారు. పొరపాటున ఒకసారి చేసింది కాదు. వారం వారం, లెక్క తప్పకుండా, తన కళ్లు కప్పడానికే చేసింది.

రొయ్యలు నీళ్లలోకి దిగి మోడు కిందికి దూరాక, ఆమె లేచి, చెల్లెల్ని ఎక్స్‌రే గది పక్కనున్న సామాన్ల గదిలోకి రమ్మని సైగ చేసింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"పదహారు వారాలు."

"ఎందుకు?"

చెల్లెలు ముందు ఏడ్చింది. తర్వాత చెప్పింది. పొద్దునపూట వచ్చే పిల్లలు భయంతో బిగుసుకుపోయి ఉంటారట. చీకటి తొట్టె ముందు ఇంకా ఏడుస్తారట. ఒకరోజు ఊరికే లైటు వేసి చూసింది. ఏడుస్తున్న పిల్ల టక్కున ఆగిపోయి గాజుకు ముక్కు ఆనించింది. మర్నాడు ఇంకొకళ్ల కోసం వేసింది. ఆ తర్వాత రోజూ ఎవరు వేస్తారని మీటలే నొక్కేసింది. ఇందులో తప్పేమీ ఉందనుకోలేదు. నాచు వచ్చి, వెలుతురు కాదు అని అక్క వేలు మడిచిన రోజున తెలిసింది, వెలుతురేనని.

"తెలిసిన రోజు లైటు తగ్గించి ఊరుకున్నా సరిపోయేదే."

"తగ్గిస్తే పొద్దున పిల్లలు..."

"పిల్లల పేరు చెప్పకు. శనివారం శనివారం మీటలు లేపిన చెయ్యి పిల్లలది కాదు. నా ఎదురుగా కూర్చుని, నా కంచంలో వడ్డిస్తూ, నేను పిచ్చిదానిలా వేళ్లు మడుస్తుంటే చూస్తూ కూర్చున్నావు. నన్ను అడిగి ఉంటే రెండు నిమిషాల పని. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు వేసి, మధ్యలో ఆర్పేసేదాన్ని. నీ పిల్లలకు చేపలు కనపడేవి, నా మొక్కలు బతికేవి. రెండు నిమిషాలే!"

ఇంత గట్టిగా అన్నాక చెల్లెలి ఏడుపు ఆగిపోయింది. ఆమె కూడా ఆ అక్క చెల్లెలే కదా.

"నిన్ను అడగాలంటే భయం. నువ్వు ముందు కాదంటావు, తర్వాత గంట పాఠం చెప్తావు. ఈ ఉద్యోగం నువ్వు ఇప్పించావని పదకొండేళ్లుగా ఏదో ఒక వంకతో గుర్తుచేస్తూనే ఉన్నావు. ఇక్కడ నా అంతట నేను చేసిన పని అదొక్కటే. దాన్ని కూడా నీ పర్మిషన్‌తో చేయాలా?"

"మరి బాబాయ్‌ సంగతి?"

చెల్లెలు ముఖం తుడుచుకుంది.

"ఆ ముసలాయన్ని ఎండలో నిలబెట్టాం. అప్పుడు కూడా నీకు నా భయమే అడ్డమొచ్చిందా?"

"నేను చెప్పేలోపే నువ్వు మేనేజరు దగ్గరికి వెళ్లిపోయావు."

"తర్వాత రెండు నెలలున్నాయి కదే!"

జవాబు వినే స్థితిలో అక్క లేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గది ముందుకు తీసుకెళ్లి, నువ్వే చెప్పాలి, నేను ఒక్క ముక్క అందించను అంది. లోపలి రోగి బయటికి వచ్చేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా గోడకు ఆనుకుని నిలబడ్డారు.

చెల్లెలు చెప్పింది. వాచ్‌మన్ సంగతితో సహా, ఏదీ దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ విని, లైటు వేసినందుకు తనకేమీ కోపం లేదనీ, ఒక మనిషి చేయని తప్పుకు శిక్ష పడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నందుకు మాత్రం చాలా కోపంగా ఉందనీ చెప్పింది. మేనేజరును పిలిపించి, ప్లాస్టిక్ మొక్కల మాట ఇంకెత్తవద్దంది, వాచ్‌మన్‌ను ఆ రోజే హాలుకు తీసుకురమ్మంది. చేపలక్కకు మూడు నెలలు గడువిచ్చింది. ఆ మర్యాద కూడా చేపలక్కకు మింగుడుపడలేదు. ఎవరి తప్పుకు ఎవరికి గడువు?

వెనక గేటుకు ఒక్కతే వెళ్లింది. జనరేటరు మోగుతోంది. బాబాయ్ షెడ్డు నీడ ఎంత వెడల్పు ఉందో అంతలోనే ఒదిగి నిలబడి ఉన్నాడు. ఆమె దారంతా పేర్చుకున్న మాటలు ఆయన్ని చూడగానే చెదిరిపోయాయి. తప్పు నాదే బాబాయ్, మేత వల్ల కాదు, లైటు వల్ల, మా చెల్లెలు చేసింది, నేను తెలుసుకోకుండా మీ మీద చెప్పాను అని ఒక్క గుక్కలో అనేసింది. లోపలికి రమ్మంది.

"మేనేజరుగారు ఇప్పుడే వచ్చి పిలిచారమ్మా. రానన్నాను."

"ఎందుకు బాబాయ్? నేను క్షమించమంటున్నాను కదా."

ఆయన గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

"మీరు నా మీద చెప్పినందుకు నాకు బాధ లేదమ్మా. చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. డబ్బా ఎందుకు ఖాళీ అయిందని నన్నొక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని. మూత సరిగా పడక చెమ్మ చేరి ముద్దకట్టింది. పాడైన మేత వేయడం ఇష్టం లేక పారేశాను. మీకు చెబుదామని శనివారం దాకా చూశాను. మీరు నా దగ్గరికి రాలేదు. నేరుగా ఆ గదిలోకి వెళ్లారు."

జనరేటరు మోత ఆగిపోయింది. అరగంట కిందట సామాన్ల గదిలో తను చెల్లెల్ని ఏ మాటతో చీల్చిందో అదే మాట ఈయన నెమ్మదిగా, గొంతు పెంచకుండా, తన చేతిలో పెట్టాడు. చేపలక్కకు కోపం వచ్చింది. తన మీద వచ్చింది. దాన్ని ఎక్కడ పారబోయాలో తెలియక తిన్నగా మేనేజరు గదిలోకి నడిచింది.

ఈసారి తలుపు కొట్టలేదు. వెనక గేటు దగ్గర రేకు నీడ, కుర్చీ, ఫ్యాను శనివారంలోగా పెట్టాలంది. అది తొట్టె పనిలోకి ఎలా వస్తుందని మేనేజరు అడిగాడు. తొట్టె పేరు చెప్పి ఆయన్ని ఎండలో పెట్టినప్పుడు ఎలా వచ్చిందో ఇప్పుడూ అలాగే వస్తుందంది చేపలక్క. అతను ఫైళ్లు సర్దుకుంటూ చూద్దామన్నాడు. చూసేదాకా ఇక్కడే కూర్చుంటానని ఎదురు కుర్చీ లాక్కుంది. తడి బట్టలతో, చేపల వాసనతో, గంటంపావు కూర్చుంది. మేనేజరు చివరికి ఫోను తీశాడు. శనివారానికి రేకు వచ్చింది, కుర్చీ వచ్చింది. ఫ్యాను మరుసటి వారం వచ్చింది. బాబాయ్ కుర్చీలో కూర్చున్నాడు గానీ థ్యాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదని చేపలక్కకు తెలుసు.

మొక్కల పని ఆ శనివారమే మొదలైంది. మరీ నల్లబడ్డ ఆకుల్ని కాండం దగ్గరికంటా కోసేసింది. మిగిలిన వాటి కోసం నీళ్లు సగానికి పైగా దింపి, మోడు గాలికి తేలాక, డాక్టరమ్మ బీరువాలోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చిన్న కుంచెతో నాచు మీద పూసింది. సన్నటి నురగ లేచింది. అయిదు నిమిషాలాగి, తడి గుడ్డతో తుడిచి, కొత్త నీళ్లు నింపింది. రెండు రోజుల్లో నల్ల గడ్డాలు గులాబీ రంగుకు తిరిగాయి. చచ్చిన నాచుకు ఆ రంగు వస్తుంది. అప్పుడు రొయ్యలు బయటికొచ్చాయి. బతికున్నంతకాలం ముట్టని నాచును ఇప్పుడు చిన్నచిన్న చేతులతో పీక్కుని తిన్నాయి. నీడ కోసం నీటి మీద తేలే మొక్కలు కొన్ని వదిలింది. మీటలు తనే నొక్కింది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. అలమరకు తాళం వేయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, వేయలేదు.

మూడు నెలల్లో తొట్టె మునుపటిలా కాలేదు. మోడు మీద బోడి జాగాలు మిగిలాయి. అవి మళ్లీ అల్లుకోవడానికి ఏళ్లు పడుతుంది. కానీ కొత్తగా వచ్చిన ఆకులు శుభ్రంగా ఉన్నాయి. మేనేజరు ఒకరోజు అటుగా పోతూ ఇప్పుడు బాగుందన్నాడు. చేపలక్క వినపడనట్టు గొట్టం కడుక్కుంది.

ఇంట్లో పన్నెండు రోజులు ఇద్దరూ వేర్వేరు వేళల్లో భోంచేశారు. పదమూడో రోజు గ్యాసు అయిపోతే మాట్లాడుకోక తప్పలేదు. ఆ తర్వాత మాటలు మెల్లగా పెరిగాయి. చెల్లెలు రెండుసార్లు వెనక గేటుకు వెళ్లి బాబాయ్‌తో మాట్లాడి వచ్చింది. ఏం మాట్లాడిందో చెప్పలేదు, అక్క అడగలేదు. ఉద్యోగం ఇప్పించిన సంగతి చేపలక్క మళ్లీ ఎత్తలేదు. నాలుక చివరి దాకా వచ్చిన రోజులు లేకపోలేదు. కోపం పోయిందా అంటే పోలేదు. చెల్లెలు వడ్డిస్తుంటే ఒక్కోసారి ఆ పదహారు శనివారాలు కళ్లముందు తిరిగేవి. అప్పుడు లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేది అక్కే.

ఒక శనివారం పని ముగించి, మురికి నీళ్ల బకెట్లు పారబోయడానికి ఆమె వెనక గేటు వైపు వచ్చింది. ఎప్పటిలాగే బాబాయ్ లేచి గేటు తీశాడు. ఎప్పటిలాగే ఆమె తల ఊపింది. మూడు నెలలుగా వాళ్ల మధ్య జరుగుతున్నది అంతే. బకెట్లు ఖాళీ చేసి తిరిగి వెళ్తుంటే వెనక నుంచి ఆయన గొంతు వినపడింది.

"చేపలు మేత తింటున్నాయా అమ్మా?"

చేపలక్క ఆగింది. వెనక్కి తిరిగితే ఆయన మళ్లీ మాట్లాడడేమోనని తిరగలేదు.

"తింటున్నాయి బాబాయ్. ఎర్రమూతిది మాత్రం ఇంకా మిగతావాటిని తోసేసి ముందుకొస్తోంది."

"దానికి ఆ బుద్ధి మొదటి నుంచీ ఉంది," అన్నాడాయన. గేటు మూస్తూ, "నేను అడిగానని లోపల ఎవరికీ చెప్పకండి," అన్నాడు.

చెప్పనంది. ఖాళీ బకెట్లు రెండు చేతుల్లో ఊగుతుండగా లోపలికి నడిచింది.